ప్రీఆంప్ కొనేముందు కంట్రోల్ ప్లేట్ విప్పి చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. జాజ్ బేస్ మోడల్‌లో వచ్చిన నాలుగు తీగల బేస్ గిటార్, పాసివ్ (లోపల బ్యాటరీ లేనిది), కొని మూడేళ్లయింది. ఆదివారం చర్చిలో వాయిస్తావు. ఆంప్ లేదు, కేబుల్ తిన్నగా మిక్సర్‌లోకి పోతుంది. "సౌండ్ పీలగా ఉందన్నా, కీబోర్డు వాళ్లు ఎడమచెయ్యి పెట్టగానే నేను మాయమైపోతున్నాను. ఎనిమిది వేలు దాచాను, ఏ ప్రీఆంప్ పెట్టించమంటారు?" అని అడిగావు.

ప్రీఆంప్ అంటే గిటార్ లోపల బ్యాటరీతో నడుస్తూ సిగ్నల్‌ని బలపరిచే చిన్న సర్క్యూట్. ఇప్పుడే ఏదీ పెట్టించకు. ఇరవై ఏళ్లకు పైగా ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయిస్తూ, ఖాళీ రోజుల్లో గిటార్లు బాగుచేస్తూ బతుకుతున్నవాణ్ణి. పీలగా ఉందంటూ నా బల్ల మీదికొచ్చిన బేసుల్లో చాలావాటికి ప్రీఆంప్‌తో పని పడలేదు.

అసలు నువ్వు వెతికే ఆ నిండుతనం ఎక్కడుంటుందో ముందు తెలుసుకో. లావు తీగ వదిలి మీటితే 41 హెర్ట్జ్. మామూలు పీఏ బాక్సులు, అంటే హాల్లో పెట్టే స్పీకర్లు, చాలావరకు ఆ 41ని సరిగ్గా పలకవు. మన చెవికి బరువుగా తోచేది దాని పైనుండేది, సుమారుగా 80 నుంచి 250 హెర్ట్జ్ వరకు. దాన్ని లో మిడ్స్ అంటారు. కుర్రాళ్లంతా ఇక్కడే పొరపాటు పడతారు. నిండుగా రావట్లేదని బేస్ నాబ్ పూర్తిగా తిప్పేస్తారు, హాలంతా గుంయ్ మంటుంది, స్వరం మాత్రం తెలీదు. పులుసు చిక్కబడాలంటే ఇంకో చెంబు నీళ్లు పోస్తామా? మరగబెట్టి ఉన్న నీళ్లే తగ్గిస్తాం. బేస్‌లోనూ పై ట్రెబుల్ కొంచెం తగ్గి, లో మిడ్స్ ముందుకొస్తే చాలు, చిక్కగా వినపడుతుంది.

ఇంకో మాట, కీబోర్డు అబ్బాయి ఎడమచెయ్యి కూడా సరిగ్గా అదే చోట కూర్చుంటుంది. నువ్వున్నప్పుడు ఆ చెయ్యి కాస్త జేబులో పెట్టుకోమని ప్రేమగా చెప్పు. ఇది పైసా ఖర్చులేని అప్‌గ్రేడ్, కాకపోతే అన్నిటికంటే కష్టమైనది.

ఇక గిటార్ దగ్గరికి వద్దాం. తీగల కింద ఉండి వాటి కదలికని సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు చుట్టలే పికప్‌లు. నీ దాంట్లో రెండు, ఒకటి నెక్ వైపు, ఇంకోటి తీగల చివరుండే బ్రిడ్జ్ వైపు. ముందు చిన్న పరీక్ష చెయ్యి. నెక్ వైపు పికప్ వాల్యూమ్ పూర్తిగా తెరిచి రెండోది సున్నా చేసి లావు తీగ మీటు. తర్వాత బ్రిడ్జ్ పికప్ ఒక్కటే పెట్టి మీటు. ఆఖర్న రెండూ పూర్తిగా తెరిచి మీటు. రెండూ కలిసినప్పుడు మధ్యలో కొంచెం గుంట పడినట్టు అనిపించడం మామూలే. రెండు పికప్‌లు తీగని రెండు వేర్వేరు చోట్ల వింటాయి కాబట్టి మిడ్స్‌లో కొన్ని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అయితే కింద బరువు మాత్రం తగ్గకూడదు. ఒక్కోటి విడిగా బాగుండి, రెండూ కలిపేసరికి బేస్ మొత్తం పోయి, ముక్కుతో మాట్లాడినట్టు వస్తుంటే ఒక పికప్ ఫేజ్ తిరగబడిందన్నమాట. ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగుతోంది.

పోయినేడాది ఒక కుర్రాడు ఖరీదైన ప్రీఆంప్ బిగించిన బేస్ తెచ్చాడు. అంతా పెట్టించినా నీలాగే పీలగా ఉందన్నాడు. నాబ్‌లున్న కంట్రోల్ ప్లేట్ విప్పితే ప్రీఆంప్ పని చక్కగానే ఉంది. కానీ అంతకుముందెప్పుడో ఎవరో బ్రిడ్జ్ పికప్ ఊడదీసి మళ్లీ అతికినప్పుడు దాన్నించి వచ్చే రెండు వైర్లలో తెల్ల తీగ వెళ్లాల్సిన చోట నల్ల తీగ అతికారు. ఆ రెండూ మార్చి అతకడానికి నాకు పట్టింది ఐదు నిమిషాలు. పక్కనే నిలబడి చూస్తున్న అతను లావు తీగ ఒక్కసారి మీటి, ఇంకోసారి మీటి, ఏమీ అనకుండా కుర్చీలో కూర్చుండిపోయాడు. అప్పటికే పెట్టిన డబ్బు గుర్తొచ్చి ఉంటుంది.

మల్టీమీటర్ ఉంటే ఇంకో పరీక్ష. గిటార్‌కి కేబుల్ గుచ్చి, రెండో చివర జాక్ మొనకీ ఒంటికీ మధ్య రెసిస్టెన్స్ చూడు. ఒక్క పికప్ తెరిచి ఉంటే జాజ్ బేస్ రకాల్లో 7, 8 కిలో ఓమ్‌ల దగ్గర రావాలి. రెండూ తెరిస్తే దాదాపు సగానికి పడాలి, ఎందుకంటే లోపల రెండూ ప్యారలల్‌లో, అంటే పక్కపక్కన కలిసి, ఉంటాయి. వందకి పైగా కిలో ఓమ్‌లు చూపిస్తే ఆ పికప్ తీగ ఎక్కడో తెగింది, నువ్వు వింటున్నది ఒక్క పికప్పే. ఫేజ్ తిరగబడింది లేనిది మాత్రం ఈ అంకె చెప్పదు, దానికి చెవే దిక్కు.

రెండోది, నువ్వు మామూలుగా రాసేసిన వాక్యం నన్ను ఆపేసింది. "కేబుల్ తిన్నగా మిక్సర్‌లోకి." పాసివ్ పికప్ బలహీనమైన మనిషి లాంటిది, బరువు మోయలేదు. అవతలి పరికరం 1 మెగా ఓమ్ దగ్గర ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి అడ్డు) చూపిస్తే హాయిగా పలుకుతుంది. మిక్సర్‌లో లైన్ ఇన్‌పుట్ సాధారణంగా 10, 20 కిలో ఓమ్‌లే ఉంటుంది. అంత లోడ్ పడితే లెవెల్ పడిపోతుంది, అంచు మొద్దుబారుతుంది, ప్రాణం లేని సౌండ్ వస్తుంది. దాన్ని సరిచేద్దామని మిక్సర్‌లో ట్రెబుల్ పెంచుతారు, అప్పుడు పీలగా అవుతుంది. నీ కథ ఇదే అయ్యుండొచ్చని నా అనుమానం. మీ మిక్సర్‌లో ఏదైనా ఛానల్ మీద హై జెడ్ అని గానీ, గిటార్ బొమ్మతో గానీ బటన్ ఉందేమో చూడు. లేకపోతే ఒక యాక్టివ్ డీఐ బాక్స్ (గిటార్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టే, కరెంటుతో నడిచే చిన్న డబ్బా) అరువు తెచ్చి ఒక్క ఆదివారం వాయించి చూడు. గిటార్‌లో ఒక్క స్క్రూ తిప్పకుండానే సగం గొడవ తీరిపోవచ్చు. పాసివ్ డీఐ అయితే బాగా మంచిది కావాలి, చవక ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది తేవొద్దు.

కేబుల్ గురించి కూడా ఒక ముక్క. ప్రతి మీటరుకీ సుమారు 100 పికోఫారడ్ కెపాసిటెన్స్ ఉంటుంది. పది మీటర్ల కేబుల్ వాడితే పై ట్రెబుల్ దానంతటదే కొంత పోతుంది. బేస్ వాళ్లం దానికి పెద్దగా ఏడవక్కర్లేదు.

తీగలు ఎప్పుడు మార్చావు, ఏ రకం వేశావు అన్నది రాయలేదు. కొన్నప్పటి స్టీల్ రౌండ్‌వౌండ్‌లే (గుండ్రటి తీగ చుట్టినవి) అయితే నికెల్ వెయ్యి. నిజంగా నిండైన పాత కాలపు టోన్ కావాలంటే ఫ్లాట్‌వౌండ్ (చదునైన పట్టీ చుట్టినవి). డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకి వాయించిన జేమ్స్ జేమర్సన్ 1962 ఫెండర్ ప్రెసిషన్ బేస్ మీద లాబెల్లా ఫ్లాట్‌వౌండ్‌లు వేసుకున్నాడు, సన్న తీగే 52 మందం (అంగుళంలో వెయ్యో వంతుల్లో), లావుది 110. తెగితే తప్ప మార్చేవాడు కాదని చెబుతారు. ఆ సౌండ్‌కి లోపల బ్యాటరీ లేదు, ప్రీఆంప్ లేదు. అంత లావు తీగలు నీ చేతికి మొదట్లో నొప్పి పుట్టిస్తాయి, 45 నుంచి 105 సెట్ చాలు.

పికప్ ఎత్తు కూడా చూడు. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపట్టి, పికప్ పోల్‌కీ తీగకీ మధ్య లావు తీగ వైపు 3 మిల్లీమీటర్ల దగ్గర, సన్న తీగ వైపు 2 దగ్గర పెట్టి అక్కణ్ణించి చెవితో సర్దుకో. నెక్ పికప్ కాస్త పైకి, బ్రిడ్జ్ పికప్ కాస్త కిందికి ఉంటే బరువు పెరుగుతుంది. మరీ దగ్గరికి తేకు, అయస్కాంతం తీగని లాగి శ్రుతి వణుకుతుంది. అన్నట్టు, రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిచి వాయించే అలవాటుంటే బ్రిడ్జ్‌ది పదిలో ఏడుకో ఎనిమిదికో దించి చూడు. ఇందాక చెప్పిన గుంట పూడుకుంటుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ఇంకా కావాలంటే అప్పుడు సోల్డరింగ్ ఐరన్ తీద్దాం. జాజ్ బేస్‌కి నా దృష్టిలో డబ్బుకి తగ్గ ఫలితం ఇచ్చే పని ఒక్కటే, సిరీస్ స్విచ్.

ఫెండర్ వాళ్లు 1960లో జాజ్ బేస్ తెచ్చినప్పటి నుంచీ అందులో రెండు పికప్‌లూ ప్యారలల్‌లోనే కలుస్తాయి. ప్యారలల్‌లో రెండింటి వోల్టేజీ సగటుగా వస్తుంది, ఇండక్టెన్స్ సగమవుతుంది. సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, పెడితే వోల్టేజీలు కూడుకుంటాయి, ఇండక్టెన్స్ కూడుకుంటుంది. అంటే ప్యారలల్‌తో పోలిస్తే అవుట్‌పుట్ దాదాపు రెట్టింపు, 6 డెసిబెల్స్. ఇండక్టెన్స్ నాలుగింతలు కాబట్టి పికప్ గట్టిగా మోగే శిఖరం కిందికి జారుతుంది. మృదంగం ఎడమవైపు తడిపిన రవ్వ ముద్ద అద్దుతారు చూడు, బరువు పెరిగి నాదం కిందికి దిగుతుంది. ఇక్కడ బరువు తీగచుట్టలది, అంతే తేడా. మిడ్స్ ముందుకొస్తాయి, పైన గలగల తగ్గుతుంది, ప్రెసిషన్ బేస్ వైపు ఒక అడుగు వేసినట్టుంటుంది. రెండు పికప్‌ల చుట్లూ అయస్కాంతాలూ ఒకదానికొకటి ఎదురుగా ఉంటే, హమ్ (కరెంటు రొద) కూడా రెండిట్లోనూ కొట్టుకుపోతుంది. ఫెండర్ వాళ్లే కొన్ని మోడళ్లలో ఎస్-1 అనే బటన్ పెట్టి ఇదే పని చేశారు.

కావాల్సింది ఒక 250 కిలో ఓమ్‌ల పుష్ పుల్ పాట్. పాట్ అంటే నాబ్ కింద ఉండి, తిప్పితే రెసిస్టెన్స్ మార్చే భాగం. కింద ఆరు కాళ్ల స్విచ్ ఉంటుంది, మూడేసి చొప్పున రెండు వరసలు. నాబ్ పైకి లాగితే సిరీస్, నొక్కితే మామూలు. నెక్ వాల్యూమ్ పాట్ తీసి దాని స్థానంలో ఇది పెట్టు. వైరింగ్ మాటల్లో చెబుతాను, కాగితం మీద గీసుకో.

నెక్ పికప్ వేడి తీగ, అంటే సిగ్నల్ తీగ, ఎప్పటిలాగే నెక్ వాల్యూమ్‌కే. దాని రెండో తీగ ఇప్పుడు గ్రౌండ్‌కి అతికి ఉంటుంది, దాన్ని ఊడదీసి స్విచ్ మొదటి వరస నడిమి కాలికి అతుకు. బ్రిడ్జ్ పికప్ వేడి తీగ బ్రిడ్జ్ వాల్యూమ్ నుంచి ఊడదీసి రెండో వరస నడిమి కాలికి. నాబ్ నొక్కి ఉన్నప్పుడు నడిమి కాలితో కలిసే కాళ్లు ఏవో మీటర్‌తో కనుక్కో, అన్ని కంపెనీలూ ఒకేలా పెట్టవు. ఆ కాళ్లలో మొదటి వరస దాన్ని గ్రౌండ్‌కి, రెండో వరస దాన్ని బ్రిడ్జ్ వాల్యూమ్‌లో ఇందాక ఊడదీసిన చోటికి కలుపు. మిగిలిన రెండు కాళ్లనీ ఒకదానికొకటి చిన్న తీగ ముక్కతో కలుపు. అంతే. నాబ్ నొక్కితే అంతా పాతలాగే. లాగితే బ్రిడ్జ్ పికప్ మీద నెక్ పికప్ ఎక్కి కూర్చుంటుంది, నెక్ వాల్యూమే రెండింటికీ వాల్యూమ్ అవుతుంది, బ్రిడ్జ్ నాబ్ ఎంత తిప్పినా ఏమీ మారదు. అది పాడైపోయిందనుకుని మళ్లీ నాకు మెసేజ్ పెట్టకు.

ఊడదియ్యకముందు ఒకటి చూసుకో. నెక్ పికప్ కింద ఇత్తడి పలకో రాగి రేకో ఉండి అది పికప్ నల్ల తీగకే కలిసి ఉంటే, సిరీస్‌లో ఆ రేకు గ్రౌండ్ నుంచి తెగిపోయి హమ్ పట్టుకుంటుంది. ఆ రేకుని విడదీసి దానికి వేరే గ్రౌండ్ తీగ వెయ్యాలి. ఇంకోటి, చవక బేసుల్లో కంట్రోల్ ప్లేట్ రంధ్రాలు చిన్న పాట్‌లకి సరిపడా ఉంటాయి. సీటీఎస్ లాంటి అమెరికన్ పాట్‌కి సుమారు 9.5 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి, రీమర్‌తో పెద్దది చెయ్యాల్సి వస్తుంది. కాడ కూడా వేరు, నీ పాత నాబ్ దానికి ఎక్కకపోవచ్చు. పుష్ పుల్ పొడవెక్కువ, లోపలి గుంట లోతు స్కేలుతో కొలిచాకే కొను. నేనొకసారి కొలవకుండా కొని, ప్లేట్ మూయబోతే అర సెంటీమీటరు పైకి నిలబడింది. కస్టమర్ ఎదురుగా.

ఐరన్ 40 నుంచి 60 వాట్లది వాడు. 25 వాట్ల దానితో పాట్ వీపు మీద గ్రౌండ్ అతకబోతే సీసం కరిగేలోపు పాట్ లోపల కాలిపోతుంది. పాట్ వీపుని ముందు గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్దు.

పాట్‌లూ, టోన్ నాబ్‌కి అతికి ఉండే కెపాసిటర్లూ మారిస్తే చాలని నెట్‌లో వెయ్యిమంది చెబుతారు. పాట్‌ల సంగతి కొంతవరకు నిజం. విప్పినప్పుడు వాటి మీద ఏం రాసుందో చూడు. కొన్ని కాపీ బేసుల్లో 500 కిలో ఓమ్‌లవి పెడతారు. సింగిల్ కాయిల్ పికప్‌తో అవి మరీ మెరుపుగా ఉంటాయి, 250కి మారిస్తే పై అంచు కాస్త అణుగుతుంది. 250 అని రాసున్నవే అయితే, అవి పనిచేస్తున్నంతకాలం మార్చడం దండగ. అంకెకి ముందో వెనకో 'ఏ' అక్షరం ఉంటే లాగ్ టేపర్, 'బీ' ఉంటే లీనియర్. అది నాబ్ తిరిగే తీరుకి సంబంధించింది, చిక్కదనానికి కాదు.

కెపాసిటర్ దగ్గరే జనం ఎక్కువ మోసపోతారు. టోన్ నాబ్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు కెపాసిటర్‌కి ముందు ఆ 250 కిలో ఓమ్‌లు గోడలా నిలబడతాయి. నువ్వు అక్కడ ఏ విలువ పెట్టినా, ఏ దేశానిది పెట్టినా, దాదాపు తేడా వినపడదు. నాబ్ తగ్గించినకొద్దీ దాని ప్రభావం మొదలవుతుంది. నీ దాంట్లో బహుశా 0.047 మైక్రోఫారడ్‌ది ఉంటుంది, మీద 473 అని రాసుంటుంది. 104 అని రాసున్న 0.1 మైక్రోఫారడ్ పెడితే, నాబ్ దించినప్పుడు ఇంకా ముదురుగా, పాత ప్రెసిషన్ బేస్ తరహాలో మూసుకుంటుంది. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీలో గానీ చెన్నై రిచీ స్ట్రీట్‌లో గానీ మామూలు పాలియెస్టర్ ఫిల్మ్ కెపాసిటర్ కాఫీ ఖర్చు కూడా కాదు. నూనెలో నానిన కాగితపు కెపాసిటర్ అని వేలకు వేలు పోసి కొనేవాళ్లున్నారు. అదే విలువది పక్కపక్కన పెట్టి కళ్లు మూసుకుని వింటే ఏది ఏదో నేను చెప్పలేకపోయాను. నువ్వు చెప్పగలిగితే చాలా సంతోషం.

టోన్ నాబ్‌ని ఇప్పుడే సగానికి దించి వాయించి చూశావా? చాలామంది దాన్ని కొన్న రోజు పదిలో పెట్టి మళ్లీ ముట్టుకోరు.

పికప్‌లు మార్చడం తర్వాతి మెట్టు. చవక పికప్‌ల్లో ఉక్కు పోల్స్ కింద ఒక సెరామిక్ అయస్కాంతపు పట్టీ అంటించి ఉంటుంది. అది చెడ్డదని కాదు, కానీ కొంచెం గట్టిగా, గాజులా పలుకుతుంది. ఆల్నికో 5 పోల్స్ ఉన్నవి మెత్తగా ఉంటాయి. బరువు కోసమే అయితే పావు అంగుళం లావు పోల్స్ పెట్టిన సేమర్ డంకన్ క్వార్టర్ పౌండ్ ఉంది, హమ్ బాధ లేకుండా డిమార్జియో మోడల్ జె ఉంది. ఇవి నీ బడ్జెట్ దాటేస్తాయి. రెసిస్టెన్స్ అంకె పెద్దదైతే సౌండ్ లావుగా ఉంటుందని నమ్మకు, సన్నటి రాగి తీగ చుట్టినా ఆ అంకె పెరుగుతుంది. కొనేముందు రెండు పికప్‌ల పొడవూ కొలువు. అసలు డిజైన్‌లో బ్రిడ్జ్ పికప్ నెక్‌దానికంటే కొన్ని మిల్లీమీటర్లు పొడుగు, కొన్ని కాపీల్లో రెండూ ఒకటే పొడుగుంటాయి.

ఇక ప్రీఆంప్. దాని మీద నాకు కోపం లేదు. 1976లో మ్యూజిక్‌మ్యాన్ స్టింగ్‌రే యాక్టివ్ సర్క్యూట్‌తో వచ్చిన దగ్గర్నించీ లోకం ఆ సౌండ్‌కి అలవాటు పడింది. ప్రీఆంప్ అవుట్‌పుట్‌కి బలముంటుంది కాబట్టి పొడుగు కేబుల్, మిక్సర్ లైన్ ఇన్‌పుట్ దాన్ని కుంగదియ్యలేవు, అది నిజమైన లాభం. కానీ చాలా ప్రీఆంప్‌ల్లో బేస్ నాబ్ 40 హెర్ట్జ్ చుట్టూ పెంచుతుంది. నీకు కావాల్సింది అక్కడ లేదని ముందే చెప్పాను. పెంచితే కోన్ ఊగుతుంది, చెవికి ఏమీ రాదు. తప్పక కొనాలంటే మిడ్ నాబ్ ఉన్నదే కొను. అగ్విలార్ కంపెనీ ఓబీపీ-3 ప్రీఆంప్‌లో మిడ్‌ని 400కో 800కో మార్చుకోవచ్చు, 400 దగ్గర కాస్త పెంచితే బేస్ జనం మధ్యలోంచి లేచి నిలబడుతుంది.

నా మొదటి ప్రీఆంప్ పేరూ ఊరూ లేని చవకది. పెళ్లి రిసెప్షన్‌లో మూడో పాట చరణంలో సౌండ్ నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడింది, తర్వాత ఏమీ లేదు. 9 వోల్టుల బ్యాటరీ అయిపోయింది. ముందురోజు రాత్రి రిహార్సల్ తర్వాత కేబుల్ గిటార్‌కే వదిలేశాను. జాక్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ కాలుతూనే ఉంటుందని అప్పటికి తెలీదు. దానికి పాసివ్‌కి మార్చే స్విచ్ లేదు. మిగతా పాట కీబోర్డు ఎడమచెయ్యే కాపాడింది, అందుకే ఆ చెయ్యిని మరీ తిట్టను.

షీల్డింగ్ చిక్కదనాన్ని పెంచదు. కానీ హమ్ తగ్గితే ట్రెబుల్ భయం లేకుండా గెయిన్ పెంచుకోవచ్చు. ప్లేట్ విప్పినప్పుడే గుంట లోపల రాగి టేపు అంటించి గ్రౌండ్ చెయ్యి, వేడి తీగలకి ఎక్కడా తగలకుండా చూసుకో. మీ చర్చి ప్లగ్గుల్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. తీగల మీద చెయ్యి వేసి మైకుకి పెదవి తగిలితే జివ్వుమంటుంటే, టోన్ సంగతి పక్కనపెట్టి ముందు ఆ పని చెయ్యి.

నేనైతే నీ ఎనిమిది వేలల్లో ఒక యాక్టివ్ డీఐ, ఒక నికెల్ తీగల సెట్, ఒక పుష్ పుల్ పాట్ కొంటాను. రేపు గిటార్ మార్చినా డీఐ నీతోనే వస్తుంది.

ఈ వారం ప్లేట్ విప్పి లోపల ఫొటో తీసి పెట్టు. పాట్‌ల మీద అంకెలు, కెపాసిటర్ మీద రాసింది, నెక్ పికప్ నల్ల తీగ ఎక్కడ అతికి ఉందో, ఈ మూడూ కనబడాలి. ఇందాకటి మూడు మీటర్ రీడింగులు కూడా రాయి. అవి చూశాక ఏది ఊడదియ్యాలో చెబుతాను.